గుర్వయ్య మునిగిన గుంత

కురుమ గుర్వయ్య నలభై ఏళ్లపాటు తన గొర్లకు కృష్ణలోనే నీళ్లు తాపాడు. 2018 మార్చిలో, ఎండలు ఇంకా ముదరకముందే, మోకాలి లోతు కూడా ఉండదనుకున్న పాయలో మునిగి చనిపోయాడు. జారిపడిన గొర్రెను పట్టుకోబోయి తానూ జారాడు. గొర్రె ఈదుకుంటూ ఒడ్డెక్కింది. గుర్వయ్యను మధ్యాహ్నానికి పైకి తీశారు. తలకు చుట్టుకున్న తువ్వాల అట్లాగే ఉంది.

ఆ సమయానికి ఆయన పెద్ద కొడుకు బీరన్న అరేబియా సముద్రంలో, లక్షదీవులకు పడమరగా, ఓడ వెనకభాగాన నిలబడి సముద్రపు అడుగునుంచి బురద పైకి తీస్తున్నాడు. కబురు ఓడకైతే అందింది గాని, ఓడ తీరం చేరి, రైళ్లు మారి అతను ఊరికి వచ్చేసరికి ఆరు రోజులైంది. తండ్రి మొహం చూడలేదు. మట్టి కుప్పను చూశాడు.

బీరన్నా నేనూ ఆత్మకూర్ హైస్కూల్లో ఒకే బెంచీ. ఇప్పుడు నాకు అక్కడే బస్టాండు పక్కన జిరాక్స్ దుకాణం ఉంది. జనానికి దరఖాస్తులు రాసిపెడుతుంటాను. ఆ ఏడాది బీరన్న పెట్టిన దరఖాస్తు కూడా నా చేతులతోనే టైపు చేశాను. అందుకే ఈ సంగతంతా నాకు దగ్గరగా తెలుసు.

వాళ్ల ఊరు గడ్డెనపల్లి, ఆత్మకూర్‌కు ఆరేడు కిలోమీటర్లు, ఏటి ఒడ్డున. ఇంటర్ అయిపోయిన ఏడాది బీరన్న మహబూబ్‌నగర్ పోయి నౌకాదళం పరీక్ష రాశాడు. అప్పటికి వాడు సముద్రం చూసినవాడు కాదు. ఏటిలో ఈత వచ్చు, లెక్కలు వచ్చు. గోవాలో సర్వే పని నేర్పించారు. నీళ్ల లోతు కొలవడం, కొలిచిన చోటు ఎక్కడో తప్పు లేకుండా గుర్తించడం, పటం గీయడం. తొమ్మిదేళ్లు సర్వే ఓడల్లో తిరిగాక అతన్ని పరిశోధన ఓడకు పంపారు.

ఆ ఓడ మీద ఫిరంగులు లేవు. కొచ్చి పరిశోధనశాల నుంచి శాస్త్రవేత్తలు ఎక్కేవారు. నీళ్లలో శబ్దం ఎట్లా ప్రయాణం చేస్తుందో తెలుసుకోవడం వాళ్ల పని. నీటి వెచ్చదనం మారిన చోట శబ్దం వంగుతుంది. అడుగున బండ ఉంటే తిరిగి వస్తుంది, మెత్తటి బురద ఉంటే ఇంకిపోతుంది. జలాంతర్గామిని వెతకాలన్నా, మనదాన్ని దాచాలన్నా ఇది తెలియాలి. అందుకని సముద్రపు అడుగు ఎక్కడ ఎట్లా ఉందో చూడడానికి బరువైన ఇనుప గొట్టాన్ని తీగ తాడుతో దింపి, అడుగులోకి దిగ్గొట్టి, బురదతో సహా పైకి లాగేవారు. ఆ గొట్టాన్ని దింపడం, తీయడం, పై కొన ఏదో కింది కొన ఏదో గుర్తు పెట్టడం బీరన్న పని. ఆ రెండూ తారుమారైతే నెల రోజుల ప్రయాణం దండుగ.

శాస్త్రవేత్తల్లో సుచరిత అనే ఆమెది రామన్నపేట. మొదటిరోజే బీరన్న ఎవరితోనో ఫోనులో "గిట్లనే ఉన్నది మరి" అనడం విని, నీది ఏ ఊరని అడిగిందట. అంత పెద్ద సముద్రంలో తెలంగాణ మాట విని ప్రాణం లేచొచ్చిందని తర్వాత చెప్పింది. గొట్టాన్ని నిలువుగా కోసి లోపలి బురద పొరలు చదవడం ఆమే అతనికి నేర్పింది. వానలు ఎక్కువ పడ్డ కాలంలో నదులు తెచ్చిన బురద ఒక రంగు, ఎండిన కాలానిది ఇంకో రంగు. కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. కొన్ని గొట్టాల్లో వేల ఏళ్లు ఉండేవి.

బీరన్న సెలవులకొచ్చి ఈ ముచ్చట్లు చెబితే గుర్వయ్య నవ్వేవాడు. "మన్ను తవ్వనీకి సముద్రం దాకా పోయినవా కొడకా? మనకాడ మన్ను లేకనా?" అనేవాడు. ఊళ్లో అందరికీ మాత్రం, మావాడు సముద్రం అడుగున ఏమున్నదో చెబుతడని చెప్పుకునేవాడు.

ఇక గిరి సంగతి. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఇసుక గుత్తేదారు. 2017 ఎండాకాలంలో గడ్డెనపల్లి దగ్గర ఇసుక తీసుకునే అనుమతి తెచ్చుకున్నాడు. మీటరు లోతుకు మించి తవ్వొద్దని కాగితంలో ఉంది. ఆయన యంత్రాలు మూడు నిలువుల కిందికి దిగాయి. లారీల కోసం పాయకు అడ్డంగా మట్టి బాట పోయించాడు. దాంతో గొర్లు దిగే పాత రేవు మూసుకుపోయింది. గుర్వయ్య మందను ఎగువకు, ఎప్పుడూ పోని బండల చాటుకు తోలుకుపోవలసి వచ్చింది. అక్కడే మునిగాడు.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. గిరి దగ్గర పనిచేసే ఇద్దరిని అడిగి, మద్యం మత్తులో కాలుజారి పడినట్లు రాసుకుపోయాడు. గుర్వయ్య కల్లు మానేసి పన్నెండేళ్లయింది. కడుపు చెడి దవాఖానలో పడుకున్ననాడు భార్య సత్తమ్మ తల మీద చేయి పెట్టి మానేశాడు. బంధువుల పెళ్లిళ్లలో కూడా సీసా ముట్టలేదు. ఊరందరికీ తెలిసిన సంగతి. ఊరివాళ్లను ఎవరూ అడగలేదు.

బీరన్న వచ్చిన రెండో రోజే ఏటికి పోయాడు. గిరి రేకుల పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నాడట. బీరన్న మర్యాదగానే అడిగాడు. సార్, మా నాయిన తాగడు, ఆ కాగితం మార్పించండి అన్నాడు. గిరి అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, పక్కనున్నవాళ్లకు వినబడేటట్టు అన్నాడు:

"నువ్వు సముద్రంల పనిచేస్తవంట గద. మీ నాయినకు జర ఈత నేర్పియ్యకపోయినవా?"

పందిరి కింద ఇద్దరు ముగ్గురు నవ్వారు. బీరన్న తిరిగి ఇంటికి వచ్చి, గొర్లకు కొమ్మలు కొట్టే తండ్రి గొడ్డలిని తీసి సానరాయి మీద పెట్టాడు. సత్తమ్మ చూసింది గాని అడగలేదు. మూడు రోజులు నూరాడని ఆమే తర్వాత చెప్పింది. నాలుగోరోజు గొడ్డలి దూలం మీద పెట్టేసి, ఆత్మకూర్‌లో నా దుకాణానికి వచ్చాడు.

"ఒక్క ఏటుతోని చంపితే వానికి ఏం తెలుస్తది," అన్నాడు నాతో. "మా నాయిన తాగుబోతనే పేరు అట్లనే ఉంటది. వాడు నిలబడ్డ జాగ కింద మన్ను తియ్యాలె. మెల్లగ తియ్యాలె."

ఆ మాటలు చెప్పేటప్పుడు వాడి గొంతులో కోపం లేదు. అదే నాకు భయమనిపించింది.

నౌకాదళంలో అతని పదిహేనేళ్ల ఒప్పందం ఆ జూలైతో ముగుస్తుంది. మిగిలిన సెలవులన్నీ కలిపి పెట్టుకొని ఊళ్లోనే ఉండిపోయాడు. అందరికంటే ముందు అడ్డుపడ్డవాడు తమ్ముడు గోపాల్. గోపాల్ ఊళ్లో ట్రాక్టర్ తోలేవాడు. "విడిచిపెట్టన్నా, పోయినోడు మళ్ల రాడు, ఏటిని కెలకకు" అని రోజూ బతిమాలాడు. తమ్ముడికి పిరికితనమని బీరన్న అనుకున్నాడు. ఆ మాట మొహం మీదే అన్నాడు కూడా. గోపాల్ తల వంచుకొని వెళ్లిపోయాడు.

బీరన్నకు తోడొచ్చినవాడు మైసయ్య ఒక్కడే. అరవై ఏళ్ల మనిషి. ఏటిలో పుట్టి పడవ వేసి చేపలు పట్టేవాడు, ఎండాకాలం గిరి దగ్గర లారీలకు ఇసుక ఎత్తేవాడు. తోలు కట్టిన ఆ గుండ్రటి పుట్టిలో ఇద్దరూ ఏప్రిల్ అంతా తెల్లారగానే నీళ్లలోకి దిగేవారు. సీసపు గుండు కట్టిన తాడు, జేబులో పట్టే జీపీఎస్, ఒక నోటు పుస్తకం, ఇంతే సామాను. ఓడలో చేసినట్టే ఏటిని వరసలుగా చీల్చుకున్నాడు. పది అడుగులకొకసారి గుండు దింపి లోతు చెబుతాడు, తనే రాసుకుంటాడు. ఏదైనా అంకె మీద అనుమానమొస్తే వెనక్కి పోయి మళ్లీ దింపుతాడు. సముద్రంలో నెలకు వెయ్యి మైళ్లు కొలిచినవాడు ఇక్కడ రోజుకు వంద గజాలు కొలిచాడు.

గిరి మనుషులు ఒడ్డునుంచి చూసి నవ్వుకునేవారు. చేపలు లెక్కబెడుతున్నాడని ఎవరో అన్నారు. మైసయ్యకు లారీ పని ఆగిపోయింది. భార్య జానమ్మ మా దుకాణం ముందు నిలబడి, మా ముసలాయన కూలి పోగొట్టినవాడెవరని నన్నే నిలదీసింది. ఆ మాట బీరన్నకు చెప్పాను. అయినా మైసయ్యను ఆపలేదు. తన పని అయ్యేదాకా ఎవరి పని పోయినా అతనికి పట్టలేదు. ఇది నేను మెచ్చుకొని రాయడం లేదు, జరిగింది రాస్తున్నాను.

నెల గడిచేసరికి ఇరవై రెండు గుంతలు తేలాయి. మీటరు ఉండవలసిన చోట పద్దెనిమిది అడుగులు, ఇరవై అడుగులు. పటం గీసి గనుల శాఖకు పంపిస్తే గిరి తరఫున జవాబు తయారుగా ఉంది. అవి తవ్విన గుంతలు కావు, ఏటిలో మొదటినుంచి ఉన్న మడుగులు, ఊరివాళ్లే చెబుతారు అని. ఊరివాళ్లు నలుగురు సంతకాలు కూడా పెట్టారు.

ఆ కాగితం చదివి బీరన్న మొదటిసారి నవ్వాడు. గిరి తనంతట తానే నీళ్లలోకి దిగినట్టు నవ్వాడు.

మడుగు పాతదైతే దాని అడుగున ఏళ్ల తరబడి దిగిన బురద ఉండాలి. వరద వచ్చినప్పుడు ఎర్రనీళ్లు, వరద తగ్గినాక అడుగున వేలెడు మందం మెత్తటి నల్లబురద. ఏడాదికొక పొర. నిన్నగాక మొన్న తవ్విన గుంతలో ఏముంటుంది? బీరన్న ఆత్మకూర్‌లో బోరుపైపులు అమ్మే దుకాణం నుంచి రెండంగుళాల తెల్ల ప్లాస్టిక్ పైపులు కొన్నాడు. ఒక్కొక్కటి నిలువునా నీళ్లలో దించి, అడుగులోకి సుత్తితో దిగ్గొట్టి, పైకొన బిరడాతో బిగించి, మెల్లగా పైకి తీశాడు. పై కొనకు ఎర్ర గీత, కింది కొనకు నల్ల గీత. ఇంటి వెనక గొర్లదొడ్లో, రంపంతో పైపును నిలువుగా కోసి రెండు చెక్కలు చేశాడు. ఫొటోలు సుచరితకు పంపాడు. ఆమె ప్రతిదాన్ని మళ్లీ చూసి, దీనికి కొలబద్ద పక్కన పెట్టి ఇంకో ఫొటో తియ్యి, ఈ గుంతలో ఇంకోచోట దిగ్గొట్టు అని చెబుతుండేది.

ఇరవై రెండు గుంతల్లో పదమూడింటిలో ఒకే పొర. అంటే ఒక్క వరద, 2017 అక్టోబరుది. మిగిలిన తొమ్మిదింటిలో పొరే లేదు. శుభ్రంగా కోసిన ఇసుక. అవి ఆ వరద తర్వాత తవ్వినవే. గిరి అనుమతికి ముందటి గుంత ఒక్కటీ లేదు.

తండ్రి పోయిన చోటును మాత్రం బీరన్న చివరికి పెట్టుకున్నాడు. అక్కడికి పోవడానికి కాళ్లు రాలేదని నాతో ఒప్పుకున్నాడు. మే నెల రెండోవారంలో, ఎండ నడినెత్తికి రాకముందు, పుట్టిని బండల చాటుకు తిప్పించాడు. లోతు పద్నాలుగు అడుగులు. పైపు దిగ్గొట్టాడు. దొడ్లోకి తెచ్చి కోశాడు. కోసి అట్లాగే కూర్చుండిపోయాడు.

మూడు పొరలున్నాయి.

పైది 2017. దాని కింద ఇసుక, దాని కింద 2016 బురద. ఆ కింద మూడో పొర. దాని నిండా పగుళ్లు, పగుళ్లలో గాలికి కొట్టుకొచ్చిన సన్నటి దుమ్ము. ఆ బురద నీళ్లు లేక ఎండి బీటలు వారిందన్నమాట. 2015లో ఏటికి వరదే రాలేదు, గడ్డెనపల్లి దగ్గర పిల్లలు ఏటిలో క్రికెట్ ఆడారు. అది ఆ ఏడాది ఎండిన బురద కాబట్టి, అంతకుముందు ఏడాది వరదది. ఆ వరద వచ్చేసరికే గుంత తవ్వి ఉంది. 2014 ఎండాకాలం. తెలంగాణ వచ్చిన ఎండాకాలం. అప్పటికి గిరి ఈ ఏటిని చూసి కూడా ఉండడు.

బీరన్న పైపు చెక్కను తువ్వాలలో చుట్టుకొని మైసయ్య ఇంటికి పోయాడు. అప్పట్లో బండల చాటున ఇసుక తీసిందెవరని అడిగాడు. మైసయ్య చాలాసేపు చుట్ట వెలిగించుకోవడంతోనే సరిపెట్టాడు. జానమ్మ లోపలినుంచి వచ్చి, ఇంకెన్నాళ్లు దాస్తావని మొగుణ్ణి అడిగింది.

"మీ గోపాలే," అన్నాడు మైసయ్య చివరికి. "ఒక నెల దినాలు తోలిండు. గాడ ఇసుక మంచిగుంటదని. ఊర్ల అందరికి ఎరుకనే."

ఊరంతా ఎందుకు నోరు మూసుకుందో, తమ్ముడు ఏటిని కెలకొద్దని ఎందుకు బతిమాలాడో బీరన్నకు అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం అతను సుచరితకు ఫోన్ చేశాడు. కింది రెండు పొరలు కోసేసి, ఇదీ గిరి తవ్విందేనని చూపిస్తే ఎవరికైనా తెలుస్తుందా అని సూటిగా అడిగాడు. ఆమె కోప్పడలేదు.

"ఎవ్వరికీ తెల్వదు బీరన్నా. నాకు గూడ తెల్వదు," అంది. "గని నువ్వడిగినవు గద. ఇగ ఆ ఇరవై రెండింటిని గూడ నేను మళ్ల నమ్మలేను."

రెండు రోజుల తర్వాత నా దుకాణానికి వచ్చి దరఖాస్తు చెప్పడం మొదలుపెట్టాడు. ఇరవై రెండు గుంతల వివరం అయ్యాక, ఇరవై మూడో గుంత గిరి అనుమతికి మూడేళ్ల ముందటిదని కూడా టైపు చేయమన్నాడు. నా చేతులు ఆగిపోయాయి. ఎందుకురా, అదొక్కటి వదిలేస్తే పోతుంది కదా అన్నాను. నీతి గురించి ఏమైనా అంటాడనుకున్నాను.

"ఒక్కటి దాస్తే వాడు దాన్నే పట్టుకొని ఒడ్డెక్కుతడు," అన్నాడు. "వాన్ని ఒడ్డు ఎక్కనియ్య. రాయి."

రాశాను. బాట పోసి రేవు మూసినందువల్లే మా తండ్రి ఆ గుంతవైపు పోవలసి వచ్చిందని ఇంకో పేరా కూడా రాయించాడు. గిరి మీద పోలీసు ఫిర్యాదు వేరేగా ఇచ్చాడు.

జూన్ మొదట్లో గనుల శాఖ నుంచి ఇద్దరు అధికారులు, వాళ్ల వెంట ఒక భూగర్భ శాస్త్రవేత్త వచ్చారు. పుట్టి ఎక్కడానికి మొదట జంకారు. బీరన్న ఐదు గుంతలు వాళ్లనే ఎంచుకోమన్నాడు, పైపులు వాళ్ల చేతనే దిగ్గొట్టించాడు. ఒడ్డున కోసి చూస్తే ఒక్కదాంట్లోనూ తేడా రాలేదు. ఆ శాస్త్రవేత్త ఇరవై మూడోదాని గురించి చదివి, తనకు నష్టం కలిగే మాట కూడా రాసుకున్నవాడి లెక్క నమ్మవచ్చునని పై అధికారికి చెప్పాడట. వానలు పడేలోపు గిరి అనుమతి రద్దయింది. యంత్రాలు ఏటి ఒడ్డునే పట్టుబడ్డాయి. ఇక మీద ఎక్కడా ఇసుక గుత్త పట్టకూడదని ఉత్తర్వు వచ్చింది. మట్టి బాటను తెగగొట్టారు.

పోలీసు కేసు మిగిలింది. దాని కోసం గిరి తనే గడ్డెనపల్లి వచ్చాడు, తెల్లబట్టల్లో, కారులో, పండ్ల బుట్టతో. సత్తమ్మ బుట్టను తాకలేదు. కావలసినంత ఇస్తాను, కేసు వెనక్కి తీసుకోమని గిరి అడిగాడు. బీరన్నకు డబ్బు వద్దు. మా నాయిన తాగుబోతు కాదని ఊరి ముందు చెప్పు అన్నాడు. ఓస్ అంతేనా అన్నట్టు గిరి సరేనన్నాడు. ఇక్కడ కాదు, అక్కడ అని బీరన్న అతన్ని ఏటికి నడిపించాడు.

ఊరు ఊరంతా వెంట పోయింది. నేనూ ఉన్నాను. బండల చాటున గుంత అంచుదాకా నీళ్లలో నడవమన్నాడు బీరన్న. గిరి చెప్పులు విప్పి, పంచె ఎత్తి పట్టుకొని మోకాలి లోతు దిగాడు. ఇంకో అడుగు వేస్తే పద్నాలుగు అడుగుల లోతు. కాళ్ల కింద ఇసుక జారుతున్నట్టుంది, చేతులు చాచి నిలబడ్డాడు.

"జెప్పు," అన్నాడు బీరన్న.

గిరి సణిగినట్టు చెప్పాడు. వినబడలేదు, మళ్లీ చెప్పమన్నాడు బీరన్న. రెండోసారి చెప్పాడు. మా అమ్మకు వినబడలేదు అన్నాడు. మూడోసారి గిరి గట్టిగా చెప్పాడు, గుర్వయ్య తాగలేదు, నేనే అబద్ధం చెప్పించిన అని. బీరన్న అదంతా ఫోనులో రికార్డు చేస్తున్నాడు.

"ఇగ కేసు?" అన్నాడు గిరి ఒడ్డెక్కి.

"తీసుకుంటనని నేను అనలే," అన్నాడు బీరన్న. "నువ్వు ఈత నేర్చుకో."

ఆ క్షణాన నాకూ బాగుందనిపించింది. అబద్ధం ఎందుకు, ఊరందరికీ బాగుందనిపించింది. గోపాల్ ఒక్కడే అక్కడ లేడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేదేమో. బీరన్న ఆగలేదు. మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు అన్నం తింటుంటే, పైపు చెక్కను తెచ్చి కంచం పక్కన పెట్టాడు. ఒక్కో పొర మీద వేలు పెట్టి ఏ ఏడాదిదో చెప్పాడు. సత్తమ్మ అక్కడే ఉంది. మూడో పొర దగ్గరికొచ్చాక, దీన్ని తవ్వినవాడు ఈ ఇంట్లోనే తింటున్నాడని చెప్పాడు.

గోపాల్ అన్నంలోంచి చేయి తీయకుండానే మాట్లాడాడు.

"నాకు ఎరుకనే అన్నా. నాయినను పైకి తీసింది నేనే గద. ఏ గుంతనో అప్పుడే ఎరుకైంది." తర్వాత గోడవైపు చూశాడు. "గా ఇసుకతోని లేసిందే గీ ఇల్లు. నువ్వే ఫోన్ జేసి, సెలవుకొచ్చే వరకు పిల్లర్లు లేవాలె అన్నవు. ఏడికెల్లి తెస్తున్నవని అడిగినవా?"

బీరన్న ఎప్పుడూ అడగలేదు. ఆ సంగతి తర్వాత నాతో ఒప్పుకున్నాడు. అయినా ఆ పూట అతని నోట్లోంచి వచ్చిన మాట, "నాయినను మింగినోడు నా ఎదుట ఉండొద్దు" అన్నదే.

గోపాల్ చేయి కడుక్కొని లేచాడు. సాయంత్రానికి భార్యాపిల్లలతో ట్రాలీలో సామాను వేసుకున్నాడు. ట్రాలీ కదిలేముందు సత్తమ్మ బట్టల మూట పట్టుకొని తనూ ఎక్కింది. బీరన్న అడ్డుపడితే ఆమె ఏడవలేదు.

"ఒకన్ని ఏరు తీస్కపోయింది," అంది. "ఇంకొకన్ని నువ్వు ఎల్లగొడుతున్నవు. నాకు గీడ ఏం పని?"

ఇది జరిగి ఏడేళ్లు దాటింది. గోపాల్ నార్కట్‌పల్లి చౌరస్తాలో లారీల టైర్లకు పంక్చర్లు వేసే దుకాణం పెట్టుకున్నాడు. తల్లి అతని దగ్గరే ఉంది. మైసయ్య, జానమ్మ ఏటి పని పోయాక హైదరాబాద్‌లో ఎవరి అపార్ట్‌మెంట్‌కో కాపలాకు వెళ్లారు. ఇసుక లారీలు ఎత్తి బతికిన ఇంకో పది ఇళ్లవాళ్లు బీరన్నతో మాట్లాడరు. గిరి మహబూబ్‌నగర్‌లో ఫంక్షన్ హాలు నడుపుతున్నాడు. కేసు కోర్టులో వాయిదాలు తిరుగుతోంది. ఒక్క వాయిదాకు కూడా బీరన్న పోకుండా ఉండలేదు. ముందు వరసలో, గిరికి ఎదురుగా కూర్చుంటాడట.

బతకడానికి చెరువుల్లో, జలాశయాల్లో పూడిక ఎంతుందో కొలిచే పని చేస్తున్నాడు. సుచరిత పదవీ విరమణ అయ్యాక ఒకసారి రామన్నపేట రమ్మని పిలిస్తే పోయాడు. అక్కడి చెరువులో ఆమె కాలేజీ పిల్లలకు పైపు దిగ్గొట్టడం నేర్పించమంది. నేర్పించి వచ్చాడు. వెనక్కి వచ్చేటప్పుడు బస్సు నార్కట్‌పల్లిలో పావుగంట ఆగింది. దిగలేదని చెప్పాడు.

పోయిన ఏడాది గుర్వయ్య పేరున ఉన్న అరెకరం పంచుకోవడానికి అన్నదమ్ములిద్దరూ కాగితాలతో నా దుకాణానికే వచ్చారు. ఇద్దరూ జుట్టు నెరిసి ఉన్నారు. నేను కాగితాలు జిరాక్స్ తీస్తున్నంతసేపు చెరో స్టూలు మీద, చెరో దిక్కు చూస్తూ కూర్చున్నారు. గోపాల్ ముందు సంతకం పెట్టాడు. బీరన్న పెన్ను అందుకొని, కాగితం మీదినుంచి తలెత్తకుండా అడిగాడు.

"అమ్మ తింటాందా?"

"తింటాంది," అన్నాడు గోపాల్.

అంతే. గోపాల్ బస్సు వేళయిందని వెళ్లిపోయాడు. అతను రోడ్డు దాటేదాకా బీరన్న చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడొచ్చు కదరా, వాడు తమ్ముడు కదా అన్నాను నేను.

"వాడు తప్పయిందని అననే లేదు," అన్నాడు బీరన్న.

నువ్వు అన్నావా అని అడుగుదామనుకున్నాను. వాడి మొహం చూసి అడగలేదు. మిగిలిన కాగితాల మీద సంతకాలు పెట్టి, మధ్యాహ్నం కోర్టులో వాయిదా ఉందని చెప్పి లేచి వెళ్లాడు.